విన్నాకే విప్పాలి!

నూజివీడు పేరు చెబితే ఎవరికైనా రసాలు గుర్తొస్తాయి. నాకు వాటితోపాటు ఓ పెళ్ళిబస్సు, ఓ ముసలి మేస్త్రీ, పది రూపాయల వాషరూ గుర్తొస్తాయి. ఇంజిన్‌ బాగుచేయడమంటే రెంచీ పట్టుకోవడమే అనుకునేవాణ్ణి. దానికన్నా ముందు చెవి పెట్టాలన్న సంగతి ఆ మామిడితోటల మధ్యే తెలిసింది.

కొన్నేళ్ళ కిందటి మాట. మే నెల, మిట్టమధ్యాహ్నం. విజయవాడలో బయల్దేరిన మా బస్సు నున్న మీదుగా వచ్చి ఆగిరిపల్లి దాటింది. పెళ్ళి విస్సన్నపేటలో. ముహూర్తం రాత్రి ఎనిమిదిన్నరకు. పెళ్ళికొడుకు మా పిన్ని కొడుకే. పెద్దవాళ్ళు శోభనాచలుడి కొండకు బస్సులోంచే దణ్ణాలు పెట్టుకుని కునుకు తీస్తున్నారు. వెనక సీట్లలో పిల్లల అంత్యాక్షరి. రోడ్డుకు రెండువైపులా మామిడితోటలు. కొమ్మలు నేలను తాకేలా వేలాడుతున్న కాయల్ని చూపించి ‘అవి బంగినపల్లి, ఇవి కలెక్టరు’ అంటూ మా బాబాయి నాకు పాఠం చెబుతున్నారు.

ఉన్నట్టుండి బస్సు రెండుసార్లు ఎక్కిళ్ళు పెట్టింది. కాస్త దూరం ఈడ్చుకుంటూ వెళ్ళి, ఓ తోట గేటు ముందు ఆగిపోయింది.

డ్రైవరు సెల్ఫ్‌ కొట్టాడు. ఇంజిన్‌ అందుకున్నట్టే అందుకుని చల్లబడిపోయింది. మళ్ళీ కొట్టాడు. అదే తంతు. నాలుగోసారికి ‘బ్యాటరీ కూడా అయిపోద్దిరా, ఇక ఆపు’ అన్నారు బాబాయి. డ్రైవరు విజయవాడలో ఉన్న యజమానికి ఫోను చేశాడు. అవతలి నుంచి రెండు నిమిషాల్లో తీర్పు వచ్చేసింది: ‘పంపు పోయుంటుంది. ఎవరినన్నా పిలిచి విప్పించు. ఆటోనగర్‌ పంపిద్దాం. పెళ్ళివాళ్ళకి వేరే బండి చూస్తా.’

ముహూర్తాల రోజుల్లో వేరే బస్సు దొరకడం ఎంత సులువో అందరికీ తెలిసిందే. మా పిన్ని మొహంలో నెత్తురుచుక్క లేదు.

తోటలో కాయ కోయిస్తున్న వ్యాపారి ఇదంతా చూసి బయటికొచ్చాడు. ఆడవాళ్ళనీ పిల్లల్నీ చెట్లకింద కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, నూజివీడులో తనకు తెలిసిన మేస్త్రీకి కబురు చేశాడు. ‘మా కాయల లారీలన్నీ ఆయనే చూస్తాడండీ. పండు బండెక్కాక ఒక్క పూట ఆగినా మా పని అయిపోయినట్టే. అందుకే ఆయన నంబరు నోటికొచ్చు’ అన్నాడు.

పొగ ఏ రంగు?

ముప్పావుగంటకి మోపెడ్‌ మీద వచ్చాడాయన. అరవై దాటిన మనిషి. వెనకాల పదిహేడేళ్ళ కుర్రాడు, వాడి ఒళ్ళో గుడ్డసంచి. వచ్చీరాగానే బానెట్‌ ఎత్తుతాడనుకున్నాం. ఆయన బస్సు మెట్టుమీద కూర్చుని మంచినీళ్ళు తాగాడు. డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

‘చెప్పు తమ్ముడూ. ఠక్కున ఆగిందా, నీరసపడి ఆగిందా?’

‘నీరసపడే అన్నా. ముందు ఎక్కిళ్ళొచ్చినయ్‌.’

‘పొగ ఏమన్నా వచ్చిందా? ఏ రంగు?’

‘పెద్దగా ఏం రాలా.’

‘ఎండ ముల్లు పైకి పోయిందా?’

‘లేదన్నా, మామూలుగానే ఉంది.’

ఎండ ముల్లంటే ఇంజిన్‌ వేడి చూపించే మీటరు. ఆ తర్వాత ఆఖరి ప్రశ్న వేశాడు. ‘ఈ రెండు రోజుల్లో బండికి ఏం పనిచేశారు?’

‘నిన్ననే డీజిల్‌ ఫిల్టర్లు మార్చాం. పెళ్ళి ట్రిప్పు కదా అని అన్నీ శుభ్రం చేయించాం.’

‘అదీ సంగతి’ అని లేచాడు పెద్దాయన.

ఆ ప్రశ్నల అర్థం ఏమిటో తర్వాత ఆయనే చెప్పాడు. డీజిల్‌ బండి పొగ దాని నాడి లాంటిది. నల్లటి పొగ వస్తుంటే డీజిల్‌ ఎక్కువవుతోందనో, గాలి చాలడం లేదనో అర్థం. గాలి ఫిల్టరు మూసుకుపోయినా, నాజిల్‌ సన్నటి తుంపరగా చల్లక ధారగా పోస్తున్నా ఇంతే. నీలంపొగ అయితే ఇంజిన్‌ ఆయిల్‌ మండుతోందని. పిస్టన్‌ రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఉంటాయి. తెల్లపొగ అయితే డీజిల్‌ సరిగ్గా మండకుండానే ఆవిరై పోతోందని. లేదంటే రేడియేటర్‌ నీళ్ళు సిలిండర్‌లోకి దిగుతున్నాయని. ఇక పొగే లేకుండా ఇంజిన్‌ ఆగిందంటే? అసలు డీజిలే అందడం లేదన్నమాట. మా బస్సు సంగతి అదే.

కనపడని గాలి

పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గు ఉంటుంది. డీజిల్‌ ఇంజిన్‌కి అది అక్కర్లేదు. గాలిని పదహారు, పదిహేడు వంతుల్లో ఒక వంతుకి కుదిస్తుంది. ఆ ఒత్తిడికి గాలి కణకణలాడే నిప్పయిపోతుంది. సరిగ్గా ఆ క్షణాన నాజిల్‌ నుంచి డీజిల్‌ చల్లితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్‌ డీజిల్‌ అనే జర్మన్‌ ఇంజినీరు 1897లో ఆగ్స్‌బర్గ్‌లో పనిచేయించి చూపించింది ఈ సూత్రాన్నే. బస్సు ఎంత మారినా మూలం నేటికీ అదే.

పాత తరహా బస్సుల్లో నాజిల్‌ తెరుచుకోవాలంటే డీజిల్‌ మీద మామూలు గాలి పీడనానికి రెండొందల రెట్ల ఒత్తిడి రావాలి. ఆ ఒత్తిడి ఇచ్చేదే పంపు. మన మెకానిక్కులు ‘మైకో పంపు’ అనేది దాన్నే. 1951లో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్‌గా పేరు మార్చుకున్నా మేస్త్రీల నోట ఆ మాట పోలేదు. పైపులోకి ఓ గాలిబుడగ దూరిందనుకోండి. డీజిల్‌ కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. పంపు ఎంత నొక్కినా బుడగ స్ప్రింగులా నలిగి మళ్ళీ లేస్తుంది తప్ప నాజిల్‌ తెరుచుకోదు. ‘ఎయిర్‌ పట్టింది’ అనే మాటకి అర్థం ఇదే.

పెద్దాయన ఫిల్టరు మీదున్న చిన్న స్క్రూని వదులుచేశాడు. చేత్తో కొట్టే ప్రైమర్‌ని కుర్రాడు టకటకా కొడుతున్నాడు. స్క్రూ పక్కనుంచి డీజిల్‌ నురగనురగగా వచ్చింది. మామూలుగా అయితే కాసేపటికి నురగపోయి తేట డీజిల్‌ రావాలి. ఎంతసేపు కొట్టినా నురగ తగ్గలేదు. అంటే లోపలున్న గాలి కాదది. ఎక్కడి నుంచో కొత్తగా దూరుతున్న గాలి.

‘కారే డీజిల్‌ కంటికి కనపడుద్ది. లోపలికి దూరే గాలి కనపడదు కదండీ’ అన్నాడు మాతో. ఫీడ్‌ పంపు దాటాక డీజిల్‌ ఒత్తిడితో పోతుంది. అక్కడ సందు ఉంటే బయటికి కారి మరక పడుతుంది. ట్యాంకు నుంచి ఫీడ్‌ పంపు దాకా మాత్రం డీజిల్‌ని పీల్చుకుంటుంది. అక్కడ సందు ఉంటే చుక్క బయటికి రాదు, గాలే లోపలికి పోతుంది. అంటే వెతకాల్సింది ఆ కొంచెం దూరమే.

ఆ కొంచెంలో కూడా ఎక్కడ? సంచిలోంచి ఓ రబ్బరు గొట్టం తీశాడు. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి, ఆ గొట్టాన్ని ఓ డబ్బాలో ఉన్న డీజిల్‌లో ముంచాడు. రెండో చివర నేరుగా ఫీడ్‌ పంపుకి. మళ్ళీ ప్రైమర్‌. మళ్ళీ నురగే. అంటే ట్యాంకూ మంచిదే, పొడుగు పైపూ మంచిదే. మిగిలింది ఫీడ్‌ పంపుకి అంటుకుని ఉండే చిన్న జల్లెడ గిన్నె. ముందురోజు ‘అన్నీ శుభ్రం చేయించిన’వాళ్ళు దాన్ని విప్పి కడిగారు. పాత వాషరే మళ్ళీ వేసేశారు. అది ఎండి బిర్రబిగుసుకుపోయింది. ముప్పై కిలోమీటర్ల కుదుపులకి బోల్టు రవ్వంత సడలింది. అంతే.

కొత్త వాషరు వేశాడు. నురగ పోయేదాకా ప్రైమర్‌ కొట్టించాడు. పంపు దగ్గరా, నాజిళ్ళ దగ్గరా పైపు నట్లు వదులు చేసి సెల్ఫ్‌ కొట్టించి, డీజిల్‌ చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించాడు. ఇంజిన్‌ గొంతు సవరించుకుని గట్టిగా అందుకుంది. పిల్లలు ఈలలు వేశారు. పెద్దాయన మాత్రం చెయ్యెత్తి అందరినీ ఆపి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు ఆ చప్పుడు విన్నాడు. ‘ఇంక వెళ్ళండి. పంపుకేం కాలా’ అన్నాడు.

ఆ పంపుని నడిరోడ్డు మీద విప్పి ఉంటే? కాలిబ్రేషన్‌ పోయేది, వేల రూపాయలు పోయేవి. ముహూర్తం ఎలాగూ పోయేది. అన్నీ అయ్యాక పంపు తెచ్చి బిగించినా బండి కదిలేది కాదు. ఎందుకంటే వాషరు అక్కడే ఉండేది కదా!

బస్సులు నేర్పిన న్యాయం

ఆ రోజు బండి గొంతు వినకుండానే తీర్పు చెప్పింది యజమాని. వినొచ్చి తేల్చింది మేస్త్రీ. కృష్ణా జిల్లా బస్సులకి ఈ తేడా కొత్తేం కాదు. ఇక్కడి బస్సుల పుణ్యమా అని దేశానికే ఓ న్యాయసూత్రం స్థిరపడింది.

నూజివీడు 2022లో ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది కానీ, అప్పట్లో ఇదంతా కృష్ణా జిల్లానే. రోడ్లమీద ప్రైవేటు బస్సుల హవా. 1957 నవంబరులో ప్రభుత్వం జిల్లాలోని రూట్లను జాతీయం చేసే పథకం ప్రకటించింది. 1958 జనవరి 11న ఏపీఎస్‌ఆర్టీసీ ఏర్పడింది. బస్సుల యజమానులు అభ్యంతరం చెప్పారు. వాళ్ళ వాదనలు విన్నది శాఖ కార్యదర్శి. పథకాన్ని ఆమోదిస్తూ నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. గుల్లపల్లి నాగేశ్వరరావు, మరికొందరు ఆపరేటర్లు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. రాసింది మన తెలుగువారే, జస్టిస్‌ కోకా సుబ్బారావు. ఒకరు విని మరొకరు నిర్ణయిస్తే ఆ వినడానికి అర్థమే లేదన్నది అందులోని సారం. పథకం చెల్లలేదు. ఆ తర్వాత ముఖ్యమంత్రే స్వయంగా అభ్యంతరాలు విన్నారు. 1959లో ఆపరేటర్లు మళ్ళీ సుప్రీంకోర్టుకి వెళ్ళినా ఈసారి వాళ్ళ వాదన నెగ్గలేదు. జిల్లా రోడ్లమీదికి ఆర్టీసీ బస్సులొచ్చాయి. లా చదివే పిల్లలు ఈనాటికీ గుల్లపల్లి కేసు చదువుతారు.

విన్నవాడే తేల్చాలి. కోర్టులో అయినా, బానెట్‌ కింద అయినా అంతే మరి.

తోటలో దుమ్ము... బండిలో దగ్గు

మొన్న వేసవిలో పనిగట్టుకుని నూజివీడు వెళ్ళాను. హనుమాన్‌ జంక్షన్‌ దగ్గర జాతీయ రహదారి వదిలి ఉత్తరానికి తిరిగితే కాసేపటికే తోటలు మొదలవుతాయి. నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెం... ఎటు వెళ్ళినా మామిడే. చిన్న రసాలు, పెద్ద రసాలు, చెరుకు రసాలు, సువర్ణరేఖ, పంచదార కలశ... వింటుంటేనే నోరూరుతుంది. ఊళ్ళో మామిడి పరిశోధన స్థానం ఉంది. 2008లో వచ్చిన ట్రిపుల్‌ ఐటీ ఉంది. పనసచెక్కతో వీణలు చేసే పనివాళ్ళున్న ఊరు కూడా ఇదే. చెవికి పని చెప్పడం ఈ ఊరికి అలవాటే అనిపించింది.

మేస్త్రీ రేకుల షెడ్డు వేపచెట్టు కింద అలాగే ఉంది. ఏప్రిల్‌ నుంచి జూన్‌ దాకా అక్కడ ఊపిరి సలపదు. కాయల కోసం లారీలు మట్టిబాటల్లో తోటల్లోకి దూరతాయి. ఎర్రటి దుమ్ము గాలి ఫిల్టర్లను మూసేస్తుంది. బండికి దగ్గొస్తుంది, నల్లపొగ కక్కుతుంది, లోడుతో ఎత్తు ఎక్కలేదు. డ్రైవర్లు ఇంజిన్‌ పనైపోయిందని కంగారు పడతారు. ఫిల్టరు మార్చగానే కుదుటపడే బండ్లే ఎక్కువట. దుమ్ము, చెత్త చేరి రేడియేటర్‌ సందులు పూడుకుపోతే ఎండ ముల్లు ఎగబాకుతుంది. దానికీ ఓ వరస ఉంది. ముందు నీళ్ళు, తర్వాత ఫ్యాన్‌ బెల్టు, తర్వాత హోసులు, రేడియేటర్‌ రెక్కలు, ఆపైన థర్మోస్టాట్‌. ఇవన్నీ బాగున్నాయని తేలాకే హెడ్‌ గ్యాస్కెట్‌ మీద అనుమానపడాలి. తక్కువ ఖర్చు దాంతో మొదలుపెట్టి ఎక్కువ ఖర్చు దాని దగ్గరికి వెళ్ళాలన్నమాట. ‘తొందరపడి వేడి రేడియేటర్‌ మూత మాత్రం తీయొద్దండీ. మొహం కాలిపోద్ది’ అని హెచ్చరించాడాయన.

అక్కడే కాయ తూకం వేయిస్తున్న ఓ రైతు మాటల్లోనూ ఇదే పద్ధతి కనిపించింది. కాయ కోతకొచ్చిందో లేదో కోసి చూడరు. తొడిమ దగ్గర భుజాలు నిండాయా, ఆకుపచ్చ కాస్త పలచబడిందా అని చూస్తారు. నీళ్ళలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. కోసి చూస్తే తెలుస్తుంది నిజమే, కానీ ఆ కాయ ఇక అమ్మకానికి పనికిరాదుగా!

కంప్యూటర్‌ వచ్చింది... మరి చెవి?

ఆ రోజు ప్రైమర్‌ కొట్టిన కుర్రాడు ఇప్పుడు షెడ్డులో సగం యజమాని. వాడి చేతిలో రెంచీతోపాటు స్కానర్‌ కూడా ఉంటోంది. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బీఎస్‌-4, 2020 ఏప్రిల్‌లో బీఎస్‌-6 ప్రమాణాలు వచ్చాయి. డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్ళకి 50 నుంచి 10కి దిగింది. కొత్త బస్సుల్లో నాజిళ్ళను తెరిచేది కంప్యూటరు. కామన్‌ రైల్‌ పైపులో డీజిల్‌ ఒత్తిడి గాలి పీడనానికి పదిహేను వందల రెట్లు దాటిపోతుంది. పొగలోని విషవాయువుల్ని విరగ్గొట్టడానికి యూరియా ద్రావణం పోసే ట్యాంకు వేరే.

పాత బండిలో ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజిన్‌ నడుస్తుండగా ఒక్కో నాజిల్‌ పైపు నట్టు వదులు చేసేవాళ్ళు. ఏది వదిలినా చప్పుడు మారాలి. ఏది వదిలితే మారదో ఆ సిలిండరుకే జబ్బు. కామన్‌ రైల్‌ బండిలో ఆ పని చేస్తే అంత ఒత్తిడితో చిమ్మే డీజిల్‌ చర్మాన్ని చీల్చుకుపోతుంది. ‘నాకొచ్చిన విద్యలో సగం ఈ బండ్ల దగ్గర పనికిరాదు. వీడికొచ్చింది నాకు రాదు’ అన్నాడు పెద్దాయన, కుర్రాణ్ణి చూపించి. ఆ మాటలో బాధ లేకపోలేదు.

మేం మాట్లాడుతుండగానే ఓ బస్సు వచ్చింది. పికప్‌ లేదన్నాడు డ్రైవరు. కుర్రాడు స్కానర్‌ తగిలించాడు. రైల్‌లో ఒత్తిడి తక్కువని చూపించింది. కుర్రాడు పంపు ఖరీదు లెక్క మొదలుపెట్టబోతుంటే, కుర్చీలోంచే అడిగాడు పెద్దాయన:

‘ఒత్తిడి తగ్గిందని అది చెప్పింది. ఎందుకు తగ్గిందో డ్రైవర్ని అడిగావా?’

కుర్రాడు నాలుక కరుచుకున్నాడు. డ్రైవర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎప్పట్నుంచి? ఎత్తు మీదా, చదును మీదా? డీజిల్‌ ఎక్కడ కొట్టించావ్‌? ఈ మధ్య ఏం పనిచేయించావ్‌? చివరికి ఫిల్టరు విప్పితే అడుగున నీళ్ళూ మడ్డీ. పంపు జోలికి వెళ్ళే పనే పడలేదు. స్కానర్‌ ఎక్కడ నొప్పో చెబుతుంది. ఎందుకు నొప్పో మనిషే కనుక్కోవాలి.

మనలాంటివాళ్ళు ఇంజిన్లు విప్పం. కానీ పెళ్ళిళ్ళకీ తీర్థయాత్రలకీ బస్సులు మాట్లాడుకుంటాం. బయల్దేరేముందు ఓ అయిదు నిమిషాలు ఇంజిన్‌ ఆన్‌ చేయించి పొగ చూడండి. కింద మరకలున్నాయేమో చూడండి. నిన్నా మొన్నా ఏం పనిచేయించారో అడగండి. అన్నీ మార్పించాం అని గొప్పగా చెబితే, మార్చాక ఎంతదూరం నడిపి చూశారని కూడా అడగండి. దారిలో ఆగిపోతే డ్రైవరు మీద అరవకండి. బండి చివరిసారి ఏమందో విన్నది ఆయనొక్కడే.

ఇంతకీ మా పెళ్ళి సంగతి చెప్పలేదు కదూ... ఆరున్నరకల్లా విస్సన్నపేట చేరాం. పెళ్ళికొడుక్కిప్పుడు ఇద్దరు పిల్లలు. పంపు పోయిందన్న యజమాని తర్వాత తన బండ్లన్నీ ఆ షెడ్డుకే పంపిస్తున్నాడట.

వచ్చేస్తుంటే పెద్దాయన బుట్టలోంచి నాలుగు చిన్న రసాలు తీసిచ్చాడు. చాకు కోసం చూశాను. నవ్వాడు. ‘రసాన్ని కోస్తారేంటండీ?’ అంటూ ఒకటి తీసుకుని, అరచేతుల మధ్య మెల్లగా ఒత్తుతూ, ఎక్కడ మెత్తబడిందో వేళ్ళతో వెతికాడు. తొడిమ దగ్గర చిన్న చిల్లు చేసి నా చేతికిచ్చాడు.

విప్పకుండానే అంతా అందింది.